మూడోసారి దొరకని నరం

నా బరువు తొంభై రెండు కిలోలు. ముందే చెప్పేస్తున్నాను. శ్రీకాకుళంలో ఎవరైనా మొదట దాన్నే చూస్తారు, ఆ తర్వాతే నా కార్డు చదువుతారు. ఝాన్సీ, ప్రైవేట్ డిటెక్టివ్. అంతకుముందు పందొమ్మిదేళ్ళపాటు మందుల షాపుల మీద పడి తనిఖీలు చేసిన డ్రగ్ ఇన్‌స్పెక్టర్ని. ఇప్పుడు యాభై మూడేళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. గురువారం ఉదయం ఎనిమిదింపావుకి పోలీస్ స్టేషన్ ఏడు మెట్లూ ఎక్కి నిలబడ్డప్పుడు, ఈ కేసు ఎందుకు ఒప్పుకున్నానురా భగవంతుడా అనుకున్నాను.

ఒప్పించింది కూర్మమ్మ. పొందూరులో రాట్నం మీద నూలు వడికే మనిషి. ఆమె పెద్దకూతురు యమునకి పందొమ్మిదేళ్ళు. బరువులెత్తే పిల్ల, రాష్ట్ర శిక్షణ శిబిరానికి ఎంపికైంది. సోమవారం ఉదయం ఆరూ యాభైకి సాధన చేసే షెడ్డులోనే కడుపు పట్టుకుని కూలిపోయింది. ఇప్పుడు ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉంది. ఆమెకి బరువులెత్తడం నేర్పిన గురువు అప్పలసూరి, కూర్మమ్మకి సొంత అన్న. షెడ్డు వెనక గదిలో పేరు లేని మందు సీసాలూ సిరంజిలూ దొరికాయని మంగళవారం సాయంత్రం ఆరింటికి పోలీసులు అతన్ని తీసుకుపోయారు. కండ పెరగడానికి మేనకోడలికి స్టెరాయిడ్లు పొడిచాడని వాళ్ళ వాదన.

"మా అన్న సేసాడో నేదో సెప్పండమ్మా," అంది కూర్మమ్మ నా ఆఫీసులో కూర్చుని, చేతిలోని నీళ్ళ సీసా ఒక్క గుక్కలో సగం చేసి. "సేస్తే ఆడు నాకు సచ్చినోడే. సెయ్యకపోతే నా గుంటకేటయిందో ఎవులూ ఎతకట్నేదు. రెండిట్లో ఏదో ఒకటి తెలాల నాకు."

ఆ రెండో మాటకే నేను లేచాను. ఒకణ్ణి పట్టుకుంటే చాలు, వెతకడం ఆగిపోతుంది. పందొమ్మిదేళ్ళు గవర్నమెంటులో చూసింది అదే.

అప్పలసూరిని రికార్డుల గదిలో బల్ల మీద కూర్చోబెట్టారు. అరెస్టు ఇంకా కాగితం మీద పెట్టలేదు, సాయంత్రం నాలుగింటికి కోర్టులో హాజరుపరుస్తారట. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. పొట్ట కాస్త ముందుకొచ్చినా చేతులూ కాళ్ళూ రాతితో చేసినట్టున్నాయి, ముంజేతుల మీద నరాలు పైకి తేలి కనిపిస్తున్నాయి. కళ్ళు మాత్రం లోపలికి పోయాయి.

"మాస్టారూ, ఆ సీసాల్లో ఏముంది?"

"సెప్పను."

"యమునకి ఇచ్చారా?"

"నేదు."

"మరి మీ వల్లే పడిపోయిందని సీఐ గారికి ఎందుకు చెప్పారు?"

"నా వల్లే పడింది కాబట్టి." తల ఎత్తలేదు. "అంతకన్నా ఏటీ అడక్కండమ్మా. రాసుకున్నోళ్ళు రాసుకోనీండి. ఒరే అసిరయ్యా, కొద్దిగ నీళ్ళియ్యరా."

కానిస్టేబుల్ అసిరయ్య చెంబు తెచ్చిచ్చాడు. మాస్టారు అంతా తాగేశాడు. తాగిన ఐదు నిమిషాలకి బయటికెళ్ళాలని లేచాడు. నేనున్న ఇరవై నిమిషాల్లో రెండుసార్లు వెళ్ళొచ్చాడు. భయానికి కొందరికి అలాగే అవుతుంది. నేనూ అలాగే అనుకున్నాను. ఆ తప్పు నాదేనని ఇక్కడే ఒప్పుకుంటున్నాను.

బయట వరండాలో సీఐ పృథ్వీరాజ్ టీ తాగుతున్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళవాడు, సన్నగా, చువ్వలా ఉంటాడు. రోజూ తెల్లారేసరికి పది కిలోమీటర్లు పరిగెత్తుతాడని జిల్లా అంతా చెప్పుకుంటుంది. చెప్పుకోకపోతే తనే చెబుతాడు.

"మెట్లు ఎక్కేశారే మేడమ్! పావుగంట పట్టిందని మా సెంట్రీ అన్నాడు."

"నాలుగు నిమిషాలు. మీ సెంట్రీ గడియారం కూడా మీ కేసులాగే తొందరపడుతోంది."

నవ్వాడు. అసిరయ్య నాకో టీ తెచ్చాడు. "సార్‌ది పంచదార లేంది, మీది ఉన్నది," అని చూపించాడు. పంచదార తాగడం మానేస్తే మనిషి ఎంత తేలిగ్గా ఉంటాడో పృథ్వీరాజ్ ఒక నిమిషం ఉపన్యాసం ఇచ్చాడు. నేను చక్కెర టీ తాగుతూ విన్నాను. ఆరునెలలకోసారి నాకు రక్తపరీక్ష అవుతుంది. షుగరు లేదు, కొవ్వు లెక్కలు బాగుంటాయి. నా ఒళ్ళు చూసి నమ్మలేక డాక్టర్లే రెండోసారి తీయిస్తుంటారు.

"కేసు చాలా సులువు," అన్నాడు అతను. "ఆరు వారాల క్రితం శిబిరం కోసం ఆ అమ్మాయికి రక్తపరీక్ష చేశారు. రిపోర్టు శుభ్రంగా ఉంది. షుగరు నార్మల్, కొవ్వు నార్మల్. సోమవారం చూస్తే క్లోమం వాచింది, కాలేయం వాచింది. మధ్యలో ఏం జరిగింది? రోజూ ఐదింటికి మేనమామ దగ్గర ఒంటరి సాధన. వెనక గదిలో కుండలో దాచిన సీసాలు, సిరంజిలు. పైగా తన వల్లేనని తనే ఒప్పుకున్నాడు. ఇంకేం కావాలి మీకు?"

"ఆ రిపోర్టు."

"ఇదిగో, జిరాక్స్. ఉంచుకోండి." చేతిలో పెట్టాడు. "నా కేసుకి అదే ఆధారం."

నిజమే. కేసు మొత్తం ఆ కాగితం మీదే నిలబడి ఉంది. అది పడిపోతే ఇదంతా పడిపోతుంది. అందుకే మడిచి సంచిలో పెట్టుకున్నాను.

తొమ్మిదీ నలభైకి పొందూరు దారిలో షెడ్డు దగ్గర కారు ఆపాను. తాళం తీసింది కూర్మమ్మ చిన్నకూతురు చిన్నతల్లి. పదిహేడేళ్ళు. గుండ్రటి బుగ్గలు, గుండ్రటి చేతులు, నన్ను చూడగానే కాస్త ధైర్యం వచ్చినట్టు నవ్వింది. లావుగా ఉన్నవాళ్ళకి లావుగా ఉన్నవాళ్ళను చూస్తే అలా ఉంటుంది.

"నువ్వెత్తవా బరువులు?"

"నానా?" సిగ్గుపడింది. "మావ ఎత్తనియ్యడు. ముందు కొవ్వు కరిగించి రాయే అంటాడు. అక్క ఎంత తిన్నా ఒంటికి పట్టదు మేడమ్. నానేమో గాలి పీల్సినా పడతాది."

రేకుల షెడ్డు. ఇనుప కడ్డీలు, చక్రాలు, గోడ మీద మాస్టారు కుర్రతనపు ఫోటో. తొడలూ పిక్కలూ విడివిడిగా గీసినట్టున్నాయి. పక్కనే యమున ఫోటో, అవే పిక్కలు. దాని కింద స్కెచ్‌పెన్నుతో రాసిన తిండి పట్టిక. పొద్దున్న ఐదుంపావుకి పెద్ద గ్లాసు పాలు, నాలుగు అరటిపళ్ళు, రెండు గరిటెల నెయ్యి. ఆరూ నలభై ఐదుకి మళ్ళీ అదే, ఆరు గుడ్లతో. మధ్యాహ్నం, సాయంత్రం, పడుకోబోయే ముందు. రెండు నెలల క్రితం తేదీ వేసి, పాత లెక్కలన్నీ కొట్టేసి రెట్టింపు చేశారు.

"ఇదేమిటి?"

"పై తరగతికెక్కాలంటే మూడు కిలోలు పెరగాలన్నాడు మావ. అక్క ఏడిసీసి తాగీది. ఇన్ని తాగినా సేతులకీ కాళ్ళకీ రవ్వంతైనా పట్టనేదు. పొట్టొకటే గట్టిగా అయినాది."

"సోమవారం ఎప్పుడు తాగింది?"

"ఆరూ నలబై అయిదుకి గ్లాసు నానే ఇచ్చినాను. అయిదు నిమసాలకి పడిపోనాది."

వెనక గదిలో ఫ్రిజ్ లేదు. మూలన తడి ఇసకలో దిగేసిన చిన్న మట్టికుండ ఉంది. పోలీసులు లోపలి సీసాలు తీసుకుపోయి కుండను వదిలేశారు. మోకాళ్ళ మీద కూలబడి చెయ్యి లోపలికి పెట్టాను. చల్లగా ఉంది. అడుగున నానిపోయిన కాగితం ముద్ద వేళ్ళకి అంటుకుంది. సీసాల పేర్లు ఎవరూ చింపలేదు, చెమ్మకి ఊడిపోయాయి. ఫ్రిజ్ లేని ఇళ్ళలో చల్లగా ఉంచాల్సిన మందుని ఇలాగే దాచుకుంటారు.

చెత్తడబ్బాలో వాడేసిన సిరంజి ఒకటి దొరికింది. ఎర్ర మూత. దాని మీద నలభై వరకూ యూనిట్ల గీతలున్నాయి. సూది వెంట్రుకంత. స్టెరాయిడ్ ఇంజక్షన్ నూనెలో కలిపి ఉంటుంది, దానికి లావు సూది కావాలి. ఈ సూదిలోంచి నూనె బొట్టు కూడా దిగదు.

నేల మీదే కూర్చుని పృథ్వీరాజ్‌కి ఫోన్ చేశాను. లేవడానికి ఓపిక లేక కూడా.

"అది ఇన్సులిన్, సీఐ గారూ. మీ మాస్టారుకి షుగరుంది. ఒళ్ళు గట్టిగా ఉంటే రోగం రాదని ఇరవైమంది ఆడపిల్లలకి చెప్పే మనిషి. బయటపడితే పరువు పోతుందని దాచుకున్నాడు."

"ఇన్సులిన్ కూడా కండ కోసం పొడుచుకుంటారు మేడమ్. మీరు డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌గా చేశారు, మీకు తెలీదా? పిల్లకే ఇచ్చాడేమో."

బుర్రలేనివాడు కాదు. అదే నాకు చిరాకు.

"అయితే అతని వేలు మీద ఒక్క చుక్క తీసి చూడండి. షుగరు మిషను ఏ మందుల షాపులోనైనా దొరుకుతుంది. మంగళవారం నుంచి మందు లేదు అతనికి. అది మంచిది కాదు."

అవతల చాలాసేపు మాట లేదు. ఫోన్ కట్టయిందేమో అనుకున్నాను.

"కోర్టుకి ముందు ఎలాగూ వైద్యపరీక్ష ఉంటుంది," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "అప్పుడు చూద్దాం." పెట్టేశాడు.

నేను గొడవపడి ఉండాల్సింది. స్టేషన్‌కి తిరిగెళ్ళి మళ్ళీ ఆ ఏడు మెట్లూ ఎక్కి ఉండాల్సింది. మాస్టారు ఒంటికి ఇంకో ఆరుగంటలు ఆగే ఓపిక ఉంటుందనుకున్నాను. యమునకే టైము తక్కువనిపించింది, ఆ కాగితం వైపు తిరిగాను.

పదకొండున్నరకి పరీక్షల ల్యాబు. చిన్నతల్లిని ఆసుపత్రిలో వాళ్ళమ్మ దగ్గర దింపుతానని కారులో ఎక్కించుకున్నాను, బయటే కూర్చుంది. లోపల గిరిబాబు ఒక్కడే ఉన్నాడు. ఇరవై ఏళ్ళుగా జనం రక్తాలు తీస్తున్నవాడు. అప్పటికే రెండు వారాలుగా రెట్టింపు నెయ్యి తాగుతున్న పిల్లకి అంత శుభ్రమైన లెక్కలా అనిపించి, రిపోర్టు బల్ల మీద పెట్టాను.

"ఇది మీరిచ్చిందేగా? మొదటిసారే ఇచ్చేశారా?"

కళ్ళజోడు తుడిచాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

"గిరిబాబూ, ఆ పిల్ల చావుబతుకుల్లో ఉంది."

"మూడుసార్లు తీసినాను మేడమ్," అన్నాడు. "మొదటి రెండూ పనికి రాలేదు. ట్యూబు మిషన్లో తిప్పితే పైన నీరు పాలలాగ తెల్లగా తేలింది. తినీసి వచ్చింది అనుకున్నాను. తిట్టినాను కూడా. ఏటీ తిన్నేదు బాబూ అని ఒట్టేసింది."

"మీరు నమ్మలేదు."

"ఎలగ నమ్మాలి? ఇక్కడోళ్ళ సంగతి మీకు తెలీదా? పరగడుపునే రమ్మంటే చోడంబలి చెంబుడు తాగీసి వస్తారు. ఏటీ తిన్నేదంటారు. అబద్ధం కాదు, అంబలి వాళ్ళ లెక్కలో తిండి కాదు, తాగేది. రోజూ పదిమంది అలాగే వస్తారు. ఇదీ అంతేనని వెనక్కి పంపీసినాను."

"అంబలి తాగితే చక్కెర పెరుగుతుంది. రక్తం తెల్లగా అవుతుందా?"

అతనికి తెలుసు. తెలిసినా, ఆరూ నలభైకి ముప్పైమంది వరసలో ఉన్నప్పుడు అలవాటైన కారణమే చేతికందుతుంది. అతని మీద కోపం రావాలి, రాలేదు. నేనూ పొద్దున్న రికార్డుల గదిలో చేసింది అదే.

"మూడోసారి?"

"శుభ్రంగా వచ్చింది. అద్దంలాగ. ఈసారి మాట విన్నాది అనుకున్నాను."

"ఆ పిల్లే వచ్చిందా? ముఖం చూశారా?"

"చున్నీ చుట్టుకుని ఉంది. ఆధార్ కార్డు చూపించింది. ముఖాలు నాకు గుర్తుండవు మేడమ్, రోజుకి ఎనభైమంది." కళ్ళజోడు పెట్టుకున్నాడు, ఆగాడు, మళ్ళీ తీశాడు. "చేతులు గుర్తుంటాయి. మొదటి రెండుసార్లూ గుడ్డ కట్టకుండానే నరం దొరికింది. అంత పైకి ఉంటాయి ఆ పిల్లకి. మూడోసారి..."

"మూడోసారి?"

"రెండు చేతులకీ గుడ్డ కట్టినాను. తట్టినాను. ఒకసారి గుచ్చితే తప్పింది. రెండోసారికి వచ్చింది. బొద్దు చెయ్యి." నా వైపు చూశాడు. ముఖంలో రక్తం లేదు. "అది ఆ చెయ్యి కాదు కదా మేడమ్?"

నేను కారు దగ్గరికి నడిచాను.

చిన్నతల్లి వెనక సీటులో పల్లీలు తింటోంది. పక్కన కూర్చుని తలుపు వేసుకున్నాను.

"మూడోసారి నువ్వే వచ్చావా?"

పల్లీల పొట్లం ఒళ్ళోంచి జారిపోయింది. కాదనలేదు. రెండు చేతుల్తో ముఖం కప్పుకుంది. వెక్కుతూనే చెప్పింది. మర్నాడే ఆఖరు తేదీ. మూడోసారి కూడా వెనక్కి పంపితే శిబిరం పోతుంది. అక్కకి ఒంట్లో బాగానే ఉంది కదా, మిషనే తప్పు చెబుతోంది అనుకున్నారు ఇద్దరూ. నీ రక్తమూ నా రక్తమూ ఒకటేగా, నువ్వెళ్ళి ఇచ్చెయ్యవే అందట యమున.

"అక్క కోసం నానేదన్నా ఇవ్వగలిగింది అదొక్కటే మేడమ్. నాకు పతకాలు రావు, ఏటీ రావు. రగతమైతే ఉన్నాది." ముక్కు తుడుచుకుంది. "ఎవులికీ సెప్పకండి. అక్క లేసేసరికి కేంపు పోద్ది. నా మీద కేసెట్టీస్తారు."

ఎంత విసుగొచ్చిందంటే, తల సీటుకి ఆనించి కళ్ళు మూసుకున్నాను. ఈ కథలో దొంగ దొరుకుతాడని నేనూ ఎదురుచూశాను. ఒక్కడూ లేడు. పరువు దాచుకున్నవాడు, వరస చూసి తొందరపడ్డవాడు, అక్కని ప్రేమించిన పిల్ల. ముగ్గురూ కలిసి ఒక ఆరోగ్యవంతురాలిని కాగితం మీద తయారుచేశారు.

"ఆసుపత్రిలో మీ అక్కకి ఏం పెడుతున్నారు?" మాట మార్చడానికే అడిగాను.

"నోటికేటీ ఇయ్యట్నేదు. ముందు నీళ్ళలాటి సీసాలెక్కించారు. నిన్న సాయంకాలం నుండి తెల్లది ఎడతన్నారు. పాలలాటిది."

కళ్ళు తెరిచాను. "తెల్లదా? చేతికే ఎక్కిస్తున్నారా?"

"అవును మేడమ్. బలం కోసమన్నారు."

అది కొవ్వు. తినలేని రోగులకి నరంలోకి నేరుగా ఎక్కించే కొవ్వు. శుభ్రమైన రక్తం ఉన్నవాళ్ళకి బలమే. రక్తమే పాలైపోయి, దానివల్ల క్లోమం వాచిన పిల్లకి అది మంట మీద నెయ్యి. యమున ఒంట్లోకి సోమవారం పొద్దున్న గ్లాసుతో వెళ్ళిందే, ఇప్పుడు సీసాతో వెళ్తోంది. పద్దెనిమిది గంటలుగా.

పన్నెండూ పదికి ఆసుపత్రి రెండో అంతస్తు. లిఫ్ట్ కోసం ఆగలేదు. మోకాళ్ళ సంగతి తర్వాత చూసుకున్నాను. ఐసీయూ ముందు కూర్మమ్మ బెంచీ మీద కూర్చుని నీళ్ళు తాగుతోంది. డాక్టర్ ఉదయభాస్కర్ తలుపు దగ్గర పృథ్వీరాజ్‌తో మాట్లాడుతున్నాడు. కోర్టు కోసం వాంగ్మూలం.

"డాక్టర్ గారూ, ఆ తెల్ల సీసా ఆపండి."

ఇద్దరూ తిరిగారు. డాక్టరుకి నలభై దాటి ఉంటాయి, రెండు రాత్రుల నిద్ర కళ్ళ కింద పేరుకుంది. "మీరు డాక్టరా?"

"కాదు. ఆ పిల్ల రక్తంలో కొవ్వు విపరీతంగా ఉంది. అందుకే క్లోమం వాచింది."

"ఆరు వారాల క్రితం రిపోర్టు చూశాను. కొవ్వు నార్మల్. స్టెరాయిడ్ వల్ల కూడా క్లోమం వాస్తుంది, సీఐ గారు ఇచ్చిన సమాచారం అదే. మూడురోజులుగా తిండి లేదు, కండ కరిగిపోతోంది. ఏ ఆధారంతో ఆపమంటారు?"

"సోమవారం తీసిన రక్తం?"

"తెల్లగా ఉంది, పనికిరాదు, మళ్ళీ పంపండి అని మా ల్యాబు రాసింది. రెండోది నిన్న రాత్రి పంపాం. అదీ తెల్లగానే ఉంది, కానీ అప్పటికే ఈ సీసా నడుస్తోంది కదా."

"రిపోర్టు తప్పు."

"నిరూపించండి," అన్నాడు పృథ్వీరాజ్ మధ్యలో వచ్చి. "మేడమ్‌కి మాస్టారు మీద జాలి కలిగింది డాక్టర్ గారూ. మూడింటికల్లా ఆ వాంగ్మూలం నాకివ్వండి."

నేను వెనక్కి చూశాను. మెట్ల దగ్గర చిన్నతల్లి గోడకి ఆనుకుని నిలబడి ఉంది. నేను పేరు పెట్టి పిలవలేదు. ఆ పిల్లని బలవంతపెట్టే హక్కు నాకు లేదనిపించింది. అదీగాక, నేను చెబితే వాదన అవుతుంది, ఆమె చెబితేనే సాక్ష్యం.

సన్నగా వినిపించింది. "ఆ రగతం నాది."

పృథ్వీరాజ్ తిరిగాడు. "ఏమిటి?"

"అక్కది కాదు. అక్క రగతం రెండుసార్లు తెల్లగా వచ్చింది. మూడోసారి నానెళ్ళి అక్క పేరుతో ఇచ్చినాను."

"నువ్వు చెప్పేది నేరం. తెలుసా నీకు?"

"తెలుసు సార్." ఏడుపు ఆగిపోయింది. "కేసెట్టండి. ముందు సీసా ఆపండి."

డాక్టర్ ఉదయభాస్కర్ అప్పటికే లోపలికి పరిగెత్తాడు. అద్దంలోంచి చూశాను. నర్సు చక్రం తిప్పి గొట్టం మూసింది. తెల్ల చుక్క ఒకటి వేలాడి ఆగిపోయింది. పది నిమిషాలకి అతను ల్యాబు ఫ్రిజ్‌లోంచి సోమవారం నాటి ట్యూబు తెప్పించాడు. సీసా పెట్టకముందు తీసిన రక్తం, మూడురోజులుగా కదలకుండా ఉంది. వేలెడంత మీగడ తేలి ఉంది పైన. డాక్టరు దాన్ని వెలుతురుకి పెట్టి చూశాడు.

"బతుకుద్దా బాబూ?" అంది కూర్మమ్మ.

"సమయానికి ఆపామనే అనుకుంటున్నాను. రేపటిదాకా చెప్పలేను. ఇప్పుడు వేరే వైద్యం మొదలుపెడతాం." బెంచీ మీద ఆమె పక్కనే కూర్చున్నాడు. "అమ్మా, యమున కాళ్ళూ చేతులూ ఎప్పటినుంచి అలా ఉన్నాయి? నరాలు తేలి?"

"సమర్తాడిన కాడ్నించి. మా ఇంటి కాళ్ళే అయ్యి. మా యమ్మకీ అలగే ఉండీవి. మా అన్నకీ. గట్టి ఒళ్ళని ఊరంతా మెచ్చుకునీవోళ్ళు."

"మీ అమ్మగారికి జబ్బులేమైనా?"

"ఏటీ నేదు. ఎనబయ్యేళ్ళు బతికింది. అంబలి తాగీసి పొలంలో పడీది పొద్దత్తమానం. నెయ్యి ఎలగుంటాదో దానికి తెల్దు."

డాక్టరు నా వైపు చూశాడు. ఈ మాట ఎలా చెప్పాలో అతనికి తెలియలేదు. నేను చెప్పాను.

"కూర్మమ్మా, తిన్న కొవ్వుకి ఒంట్లో గాదెలుంటాయి, చర్మం కింద. మీ ఇంటి రక్తంలో కొందరికి కాళ్ళలోనూ చేతుల్లోనూ ఆ గాదెలు పుట్టుకతోనే ఎండిపోయేలా ఉన్నాయి. అందుకే నరాలు తేలతాయి, కండ కనిపిస్తుంది. మీ అమ్మకి గాదె లేకపోయినా ధాన్యమూ లేదు, వచ్చింది వచ్చినట్టు పొలంలో కరిగిపోయేది. యమునకి మాత్రం బళ్ళకొద్దీ తెచ్చి పోశారు. పెట్టే చోటు లేక అది రక్తంలోకీ కాలేయంలోకీ పోయింది. మీ అన్నకి అదే ముదిరి షుగరైంది. చిన్నతల్లికి గాదెలు బాగున్నాయి. అందుకే దాని రక్తం శుభ్రంగా వచ్చింది."

"లావుదానికా?" అంది కూర్మమ్మ నమ్మలేక. చిన్నకూతురు వైపు మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. ఇన్నేళ్ళూ ముద్ద ముద్దకీ ఆ పిల్లనే తిట్టి ఉంటుంది.

"మరి మా అన్న సేసాడా, నేదా?"

"ఇంజక్షన్ ఇవ్వలేదు. అవి అతని షుగరు మందులు. తన ఒంట్లో ఉన్నదే మేనకోడలికీ వచ్చిందని సోమవారం అతనికి అర్థమైంది. ముందే నోరు విప్పి ఉంటే పిల్లకి నెయ్యి పోయనిచ్చేవాళ్ళు కాదు. అందుకే తన వల్లే అన్నాడు."

డాక్టరు చటుక్కున లేచాడు. "ఆయనకి ఇన్సులిన్ ఆగి ఎంతసేపైంది?"

"మంగళవారం సాయంత్రం నుంచి. నలభై రెండు గంటలు."

పృథ్వీరాజ్ అప్పటికే ఫోన్ తీశాడు. తొందరలో స్పీకరు నొక్కాడు, అందరికీ వినిపించింది.

"అసిరయ్యా, మాస్టారు ఎలా ఉన్నాడు?"

"పడుకున్నాడు సార్. రెండుసార్లు పిలిస్తే పలకనేదు. నిద్రలే అని ఒగ్గీసినాను."

పృథ్వీరాజ్ ఎవరి వైపూ చూడలేదు. గోడ వైపు తిరిగి చెప్పాడు. "నా టేబుల్ కింది సొరుగు తియ్యి. నల్ల పౌచ్ ఉంటుంది. అందులో షుగరు మిషను. ఒక పట్టీ దూర్చి, సూదితో ఆయన వేలు గుచ్చి, రక్తం చుక్క ఆనించు."

"ఎవులిది సార్ ఇది?"

"నాదే. తొందరగా చెయ్యి."

పంచదార లేని టీ, షెడ్డులోంచి ఫోన్ చేసినప్పటి ఆ మౌనం, అన్నీ గుర్తొచ్చాయి. ఎగతాళి చేసే సందర్భం నాకు ఇంతకన్నా మంచిది దొరకదు. చెయ్యాలనిపించలేదు. పది కిలోమీటర్లు పరిగెత్తేవాడికి షుగరేమిటని నలుగురూ నవ్వుతారని సొరుగులో దాచుకున్న మనిషి, కుండలో దాచుకున్న మనిషిని రెండురోజులు బల్ల మీద కూర్చోబెట్టాడు.

"సార్, అంకె రానేదు," అన్నాడు అసిరయ్య. "ఇంగ్లీసులో హెచ్, ఐ అని రెండచ్చరాలు వచ్చినాయి."

మిషను లెక్కకి అందనంత ఉందని దానర్థం. పృథ్వీరాజ్ ఫోన్ నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. "జీపులో ఎక్కించు. ఇక్కడికే తీసుకురా. సైరన్ వెయ్యి." చెప్పేసి మెట్ల వైపు పరిగెత్తాడు.

డాక్టరు నర్సుల్ని కేకేశాడు. మంచం సిద్ధమవుతోంది. చిన్నతల్లి తల్లి చెయ్యి పట్టుకుంది. నేను బెంచీ మీద కూర్మమ్మ పక్కన కూర్చున్నాను.

కూర్మమ్మ చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి తీసి తన పిక్కలు చూసుకుంది. మోకాలి కింద నరాలు పైకి తేలి ఉన్నాయి.

"మా అన్నకి దాహమెక్కువా అమ్మా?" అని అడిగింది నన్ను.

"ఎక్కువే."

"నాకూ ఏడాదై దాహమే. కూకుని నూలొడికే పనికి ఇంత దాహమేటి అనుకునీదాన్ని." చేతిలోని సీసా వంచి చూసింది, అయిపోయింది. పొద్దున్న నా ఆఫీసులో సగం చేసింది, ఇక్కడికొచ్చాక ఇది నాలుగోది. మాస్టారు ఎన్నిసార్లు లేచాడో లెక్కపెట్టిన నేను, ఈమె సీసాలు లెక్కపెట్టలేదు.

కూర్మమ్మ కుడిచేతి చూపుడువేలు డాక్టరు ముందుకి చాపింది. "ఆ మిసనేదో నాకూ ఎట్టండి బాబూ."